శిలాద్వారం అడిగిన పేరు

తూర్పుకొండల వెనక సూర్యుడు ఇంకా పూర్తిగా తల ఎత్తలేదు. రత్నకూట దుర్గం మీది బంగారు కలశాలు మాత్రం అప్పుడే నిప్పంటుకున్నట్టు మెరిసిపోతున్నాయి. ప్రాకారం మీద ప్రాకారంగా కొండంతా అల్లుకుపోయిన ఆ నగరంలో ఎటు చూసినా పాలరాతి మేడలు, పగడాల తోరణాలు, మకరముఖాల నుంచి పన్నీరు చిమ్మే జలయంత్రాలు. ఆ వైభవమంతా కొండ మీదనే. దిగువన, కోటగోడ నీడ మధ్యాహ్నం దాకా వదలని చోట, శ్యామవేణి ఒడ్డున రెల్లు గుడిసెలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. దాని పేరు రేవుపేట.

ఆ ఉదయం కోట సింహద్వారం ముందు ఒక తెల్లగుర్రం వచ్చి ఆగింది. దాని మీద ఉన్న యువకుడి తలపాగాలో నెమలికంఠపు రంగు రత్నం, నడుమున దంతపుపిడి ఖడ్గం. ద్వారపాలకులు ఈటెలు దించి వంగి నమస్కరించారు.

"ఎవరు విచ్చేశారని మనవి చేయమంటారు ప్రభూ?"

"మణిమంత యువరాజు జయంతసేనుడు వచ్చాడని చెప్పు."

అతను జయంతసేనుడు కాడు. రేవుపేటలో పడవ నడిపే ఎంకమ్మ కొడుకు పోలన. కిందటి వసంతంలో ఇదే ద్వారం దగ్గర అతను చేపల బుట్ట దించుకుంటుంటే, నీడ తన చెప్పుల మీద పడిందని ఈటెమొనతో ఆ బుట్టను బోర్లదోసినవాడు ఇప్పుడు వంగి నిలబడ్డ ఈ బుర్రమీసాల ద్వారపాలకుడే. అయినా అతను పోలనను పోల్చుకోలేదు. ఎన్నడైనా ముఖం చూసి ఉంటే కదా!

రత్నకూటంలో రేవువాళ్ళ ముఖం ఎవరూ చూడరు. చూడవలసిన అవసరం లేకుండా ఏర్పాటు చేసుకున్నారు. కోటలో అడుగుపెట్టే ప్రతి రేవువాడూ మెడలో ఇత్తడి గజ్జెలు కట్టుకోవాలి. ఆ చప్పుడు వినబడగానే ఇల్లాళ్ళు వాకిట్లో చెంబులు లోపల పెట్టుకుంటారు, పిల్లల్ని కేకేసి పిలుచుకుంటారు. 'రేవువాడి చెయ్యి ఉత్తగా వెనక్కి రాదు' అని ఆ ఊళ్ళో సామెత. మునిగిపోతున్న వాళ్ళను ఎందరినో ఒడ్డుకు లాగిన చేతులవి. ఆ సంగతికి మాత్రం సామెత పుట్టలేదు.

ఆ సామెతే ఇప్పుడు రేవుపేట కొంప ముంచింది. జలదేవత గుడిలో తరతరాలుగా పూజలందుకుంటున్న వరుణశంఖం మాయమైంది. అది పోయిన నాటి నుంచి శ్యామవేణి చిక్కి సన్నబడింది. ఎగువన జలపాతం వెనక ఉన్న నాదబిలంలో, కరాళకేతుడనే మాంత్రికుడి గుహలో, శంఖపు నీలికాంతి కనబడుతోందని పశువుల కాపరులు చెప్పారు. "మాంత్రికుడికి దొంగిలించి ఇచ్చిందెవరు?" అని మహారాజు విక్రమకేసరి సభలో అడిగాడు. ఆయన బావమరిది, సేనాపతి దుర్జయుడు, "ఇంకెవరు మహారాజా? రేవువాళ్ళు!" అన్నాడు. సభ అంతా తల ఊపింది. ఇంకొక ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. ఆ సాయంత్రానికే పడవలకు గొలుసులు పడ్డాయి. రేవుపేట మగవాళ్ళందరూ ఉప్పుకొండ చెరలో పడ్డారు. పున్నమిలోగా శంఖం తిరిగి రాకపోతే రేవుపేటను తగలబెట్టి, ముసలీ ముతకా అనకుండా అందరినీ ఎడారిలోకి తరిమెయ్యాలని రాజాజ్ఞ. శంఖం తెచ్చిన క్షత్రియ కుమారుడికి రాకుమారి కువలయనిచ్చి పెళ్ళి చేస్తానని చాటింపు. ఎందరో రాకుమారులు బిలంలోకి వెళ్ళారు. ఒక్కరూ తిరిగి రాలేదు.

భటులు రేవుపేట మీద పడిన రోజున పోలన ఏటికి ఎగువన ఉండి తప్పించుకున్నాడు. అక్కడే సుడిగుండంలో గిరగిర తిరుగుతున్న ఒక మనిషిని ఒడ్డుకు లాగాడు. అతనే అసలు జయంతసేనుడు. మొసలిముద్ర కవచాలు తొడుక్కున్న భటులు, అంటే దుర్జయుడి మనుషులే, తన పడవను బోల్తా కొట్టించి తెడ్లతో తల మీద మోదారని అతను చెప్పాడు. ఎంకమ్మ గుడిసెలో జ్వరంతో కాలిపోతూ పడుకుని, తన దుస్తులు, ముద్రిక, గట్టున దొరికిన తన గుర్రం పోలనకు ఇచ్చాడు.

"నేను లేచి నిలబడలేను. నువ్వు నీ రూపంలో పోతే గుమ్మం కూడా దాటనివ్వరు. నేనై వెళ్ళు పోలనా" అన్నాడు.

ఎంకమ్మ కొడుకు మెడలోంచి గజ్జెలు విప్పింది.

"నడుత్తుంటే సప్పుడు రాదురా అయ్యా. నువ్వున్నట్టు నీకే అనిపించదు. బెదిరిపోమాక. కాలు గట్టిగా ఆనించి నడు."

అన్నట్టే అయింది. పాలరాతి మెట్లెక్కుతున్నంతసేపూ పోలన చెవులు ఆ చప్పుడు కోసం వెతుక్కున్నాయి.

సభలో జయంతసేనుడి పేరు వినగానే దుర్జయుడి ముఖం పాలిపోయింది. మరుక్షణం సర్దుకుని, "ఏరు దాటడం... క్షేమంగా జరిగిందా యువరాజా?" అన్నాడు.

"కొంచెం ఇబ్బంది పెట్టారు. ఈత వచ్చు కనుక బతికాను" అన్నాడు పోలన, అతని కళ్ళలోకి సూటిగా చూస్తూ.

విందులో వెండిపళ్ళాల ముందు కూర్చున్నప్పుడు పోలన ఆకలి దాచుకోలేకపోయాడు. అన్నం పిడికిళ్ళకొద్దీ కలిపి, ముద్ద మీద ముద్ద మింగి, అరచెయ్యి నాకేశాడు. నాకిన తర్వాత గుర్తొచ్చింది తానెక్కడున్నాడో.

"ఆహా! ఇది కదా వీరభోజనం!" అన్నాడు పక్కనున్న ముసలి సామంతుడు. "మణిమంత రాజుల మగతనమంతా భోజనంలోనే తెలుస్తోంది." మరికాసేపటికి పంక్తిలో సగంమంది అరచేతులు నాకుతున్నారు. అదే చెయ్యి కోట వంటశాల వెనక, మిగిలిన అన్నం కోసం చాచినప్పుడు, 'తిండిపోతు జాతి' అని తలుపు వేసుకున్నది కూడా ఈ కోటే.

సాయంత్రం మేడమీది చంద్రశాలలో రాకుమారి కువలయ అతనితో మాట్లాడటానికి వచ్చింది.

ఆమె కంఠం వినగానే పోలన స్తంభాన్ని పట్టుకున్నాడు. ఆ కంఠం అతనికి కొత్తది కాదు. కొన్నేళ్ళ కిందట ఆమె అవతలి ఒడ్డు గుడికి వెళ్తుంటే పడవ నడిపింది అతనే. పట్టుతెర వెనక నుంచి, తెరకింద నీళ్ళలో వేళ్ళు ఆడిస్తూ, "ఇక్కడ ఏరు ఎంత లోతుంటుంది?" అని ఆమె అడిగింది. తననే అడిగిందేమోనని పోలన నోరు తెరిచాడు. భటుడు కత్తిపిడి పొట్టకు ఆనించాడు. ఆ జవాబు అతని గొంతులోనే ఉండిపోయింది. ఆ తర్వాత ఎన్నిసార్లు ఏరు దాటినా, నడిమధ్యకు వచ్చేసరికి తెడ్డు ఆపి, ఖాళీ పడవలో వెనక్కి తిరిగి చూసేవాడు.

ఇప్పుడామె తెర లేకుండా, సాయంకాలపు ఎండలో, కలువరంగు చీరలో నిలబడి ఉంది.

"మీరు ఏటిలో పడి బతికి వచ్చారట. ఏరంటే నాకు చాలా ఇష్టం. అక్కడికి వెళ్ళనివ్వరు" అంది కువలయ. "నడిమధ్యలో ఎలా ఉంటుంది?"

పోలన ఊపిరి తీసుకున్నాడు. "నడిమధ్యలో గడ అందదు. పైన నీళ్ళు ఎండకు గోరువెచ్చగా ఉంటాయి. మోచేయి దాకా ముంచితే మంచులా ఉంటాయి. అంతకంటే కింద ఏముందో రే... ఏటి దగ్గర పుట్టినవాళ్ళకే తెలీదు."

ఆమె ముఖం విప్పారింది. "నేనొకసారి అడిగాను. ఎవరూ చెప్పలేదు. పడవవాడు మూగవాడట. అసలు రేవువాళ్ళకు మన మాటలు అర్థం కావట."

"అలాగని ఎవరు చెప్పారు?"

"అందరూ చెప్పేదే కదా. వాళ్ళ గజ్జెలు వినబడితే నా చెయ్యి దానంతటదే మెడలో హారం మీదికి పోతుంది. చిన్నప్పుడు దాది నేర్పింది." ఆమె నవ్వింది. చెడ్డ నవ్వు కాదు. చందమామలో మచ్చ గురించి చెప్పినంత అమాయకంగా చెప్పింది. పోలనకు అది కత్తిపిడి కంటే లోతుగా దిగింది.

మేడ మీది నుంచి కింద గొలుసులు పడ్డ పడవలు చీమల బారులా కనబడుతున్నాయి. ఒక గుడిసె మీద పొగ లేస్తోంది. అమ్మ జావ కాస్తోంది కాబోలు. రెక్కలుంటే అక్కడికి ఎగిరిపోవాలనిపించింది. ఇక్కడి నుంచి ఒక్క అంగుళం కూడా కదలకూడదనీ అనిపించింది.

మరునాడు మిట్టమధ్యాహ్నానికి రాజపరివారమంతా జలపాతం ఎదుట కొండకొమ్ము మీద పందిళ్ళు వేసుకుని కూర్చుంది. చిక్కిపోయిన జలపాతం వెండితీగలా జారుతోంది. దాని వెనక కొండ నోరు తెరుచుకున్నట్టు నాదబిలం. ఆ బిలంలో పిలిచిన పిలుపు కొండంతా మోగి, ఏటి రెండు ఒడ్డులకూ వినబడుతుందని ప్రతీతి. మహారాజు విజయతిలకం దిద్దాడు. కువలయ పల్లకి తెర తొలగించి చూసింది. పోలన ఆ చూపును వీపున మోసుకుంటూ చీకటిలోకి నడిచాడు.

లోపల గోడల వెంట మనుషులు బారులు తీరి నిలబడ్డారు. చెయ్యి తగిలిస్తే చల్లగా ఉన్నారు. అందరూ రాళ్ళు! మణులు పొదిగిన కిరీటాలతో, ఎత్తిన చేతులతో, తెరిచిన నోళ్ళతో, బిరుదులు చదువుతూ చదువుతూ మధ్యలో శిలలైపోయిన రాకుమారులు. వాళ్ళ చివర, దారికి అడ్డంగా, కొండంత ముఖం చెక్కిన శిలాద్వారం.

"ఎవరు నువ్వు?" అని ఆ ముఖం అడిగింది. నేల కంపించింది.

పోలన గొంతు సవరించుకున్నాడు. "మణిమంత రాజ్యాధీశుని కుమారుణ్ణి, జయంత..."

పాదాలు బరువెక్కాయి. చూసుకుంటే కాలివేళ్ళు నల్లరాయై పోయాయి. రాయి చీలమండలు దాటి పిక్కల్లోకి ఎగబాకుతోంది!

"ఎవరు నువ్వు?"

అప్పుడర్థమైంది. ఇక్కడ అబద్ధం చెప్పినవాడు రాయి అవుతాడు. లేని గొప్ప చెప్పుకున్నవాడూ రాయే అవుతాడు. నిజం చెబితే? కొండ మోగుతుంది. బయట మహారాజు వింటాడు. సేనాపతి వింటాడు. ఆమె వింటుంది. నిన్న సాయంత్రం అతన్ని చూసి విప్పారిన ఆ ముఖం మళ్ళీ ఎన్నడూ అలా విప్పారదు.

రాయి మోకాళ్ళు దాటింది. తొడలు మొద్దుబారాయి. ఉప్పుకొండలో చెరపడ్డ వాళ్ళు గుర్తొచ్చారు. పోలన కళ్ళు మూసుకుని, నది అవతలి ఒడ్డుకు కేకేసినట్టు, గుండెలనిండా గాలి పీల్చి అరిచాడు.

"పోలన్ని! రేవు పోలన్ని! ఎంకమ్మ కొడుకుని! పడవోణ్ణి!"

కొండ ఆ పేరును పట్టుకుంది. పోలన్ని... పోలన్ని... పోలన్ని... అని గుహ గుహకూ అప్పజెప్పింది. కాళ్ళ మీది రాయి ఎండిన బురదలా పెళుసుపెళుసుగా రాలిపోయింది. శిలాద్వారం గరగరమంటూ పక్కకు ఒరిగింది.

లోపల నీలికాంతి. ఉప్పుస్ఫటికాల వేదిక మీద వరుణశంఖం. దాని పక్కన పులితోలు మీద, బూడిదరంగు జడలు నేలను ఊడుస్తుండగా, కరాళకేతుడు కూర్చుని ఉన్నాడు.

"ఇన్నాళ్ళకు నిజం చెప్పేవాడొకడు వచ్చాడు!" అని అతను పకపక నవ్వాడు. "పిచ్చివాడా, నీవాళ్ళ మీద నిందవేసింది నేను కాదు. శంఖం తెచ్చి నా చేతిలో పెట్టింది దుర్జయుడు. వరులందరూ రాళ్ళైతే సింహాసనం తనదవుతుందని వాడి ఆశ. దొంగను చూపించడానికి వాడు పెద్ద కష్టం కూడా పడలేదు. మీ పేరు ఒక్కసారి పలికాడు. మిగతా పనంతా ఊరే చేసిపెట్టింది!"

అంటూనే అతను నేల మీద దొర్లి కొండచిలువ అయ్యాడు. బుస్సుమంటూ వచ్చి పోలన నడుము చుట్టేశాడు. ఎముకలు పటపటలాడాయి. ఖడ్గం చేజారిపోయింది. అది ఎలాగూ అతనికి అలవాటు లేనిదే. పోలన తలపాగా లాగి, పట్టుగుడ్డను పడవకట్టు ముడివేసి, తెరుచుకున్న పాము నోటికి తగిలించి, వేదిక కొమ్మున బిగించి లాగాడు. ఎంత పెనుగులాడితే అంత బిగిసే ముడి అది. పాము మెలికలు తిరిగి, చివరికి గబ్బిలమై, గుడ్డ మడతల్లోంచి జారి, కప్పు పగుల్లోకి ఎగిరిపోయింది. "పోరా పో! శంఖం తీసుకుపో! బయట నాకంటే గొప్ప మాంత్రికులున్నారు!" అని నవ్వు మాత్రం మిగిలింది.

పోలన శంఖం గుండెకు హత్తుకుని ఎండలోకి వచ్చాడు. విల్లులన్నీ అతని వైపు తిరిగి ఉన్నాయి.

"చూశారా మహారాజా!" అని దుర్జయుడు అరిచాడు. "నేను ఆనాడే చెప్పలేదా? శంఖం రేవువాడి చేతిలోనే ఉంది!"

అవును, అవునంటూ పందిళ్ళన్నీ అరిచాయి. నిన్న అరచేతులు నాకినవాళ్ళు ఇవాళ చేతులు దులుపుకున్నారు. "వీడి పక్కన కూర్చుని తిన్నానే!" అని ముసలి సామంతుడు నోరు పుక్కిలిస్తున్నాడు.

మహారాజు చెయ్యెత్తి అందరినీ ఆపాడు. ఆయన ముఖం చెమటతో తడిసింది. చాటింపు వేసిన మాట తప్పితే పరువు పోతుంది. నిలబెట్టుకుంటే వంశం పోతుంది. ఆయన దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"గుహలో వినబడింది మాంత్రికుడి మాయ అని చెప్పు. నువ్వు జయంతసేనుడివే అను. చాలు. నా కుమార్తె నీదవుతుంది. ఈ సంగతి ఇక్కడితో సమసిపోతుంది."

పోలన కళ్ళు అప్రయత్నంగా పల్లకి వైపు తిరిగాయి. కువలయ పల్లకి దిగి నిలబడి ఉంది. చెయ్యి చాస్తే అందేటంత దూరం. ఒక్క మాట. ఆ మాట నిన్న సింహద్వారం దగ్గర చెప్పిందే.

"మరి ఉప్పుకొండలో ఉన్నోళ్ళో, దొరా?"

మహారాజు నిజంగానే ఆశ్చర్యపోయాడు. "జయంతసేనుడికి రేవువాళ్ళతో ఏం పని?"

పోలన తల అడ్డంగా ఆడించాడు.

కువలయ ఒక్కడుగు ముందుకు వేసింది. ఆమె కుడిచెయ్యి మెడలో హారం మీద ఉంది. పోలన ఆ చెయ్యి చూశాడు. అతను చూడటం ఆమె చూసింది. అప్పుడు తన చెయ్యి ఎక్కడుందో తెలిసి, కాలినట్టు కిందికి దించేసింది.

"ఆనాడు పడవ నడిపింది... నువ్... మీరేనా?"

"నేనే అమ్మా."

"మూగవాడని చెప్పారు."

"మాట్లాడొద్దని చెప్పారు."

ఆమె ఇంకేదో అడగబోయింది. దుర్జయుడు అడ్డం వచ్చాడు. "దొంగతో మాటలేమిటి రాకుమారీ!"

పోలన సహనం తెగిపోయింది. "దొంగ నువ్వే! శంఖం మాంత్రికుడికిచ్చింది నువ్వు! జయంతసేనుడి పడవ ముంచింది నీ భటులు!"

పరివారమంతా గొల్లున నవ్వింది. "రేవువాడి సాక్ష్యమట!" అన్నారెవరో.

"నా సాక్ష్యం కాదు. జయంతసేనుడే చెబుతాడు. బతికే ఉన్నాడు. మా గుడిసెలో..."

నాలుక కరుచుకున్నాడు. కానీ మాట దాటిపోయింది. దుర్జయుడి కళ్ళు కప్పను చూసిన పాము కళ్ళలా సన్నబడ్డాయి. అతను మహారాజుకు వంగి నమస్కరించి, "ఆ యువరాజును నేనే స్వయంగా తీసుకువస్తాను ప్రభూ" అన్నాడు. మరునిమిషంలో మొసలిముద్ర ఆశ్వికులు అతని వెనక రేవుపేట దారిపట్టారు. ఎందుకు వెళ్తున్నారో పోలనకొక్కడికే తెలుసు. చెబితే నమ్మేవాళ్ళు అక్కడ ఎవరున్నారు?

"నాన్నగారూ, అతను చెప్పేది నిజమైతే?" అన్న కువలయ గొంతు వినబడింది.

భటులు మీదికి వస్తున్నారు. కొండదారిన పోతే గుర్రాలను అందుకోవడం కల్ల. పోలన వెనక్కి అడుగులు వేసి, జలపాతం అంచుకు చేరాడు. కింద చిక్కిపోయిన శ్యామవేణి, రాళ్ళ మధ్య ఒక్కచోట మాత్రం నల్లగా మడుగు. చివరిసారి కువలయ వైపు చూశాడు. ఆమె కూడా అతన్నే చూస్తోంది. మధ్యలో ఈ మారు పట్టుతెర లేదు. ఈటెలు ఉన్నాయి.

శంఖాన్ని రొమ్ముకు అదుముకుని దూకేశాడు.

చెవుల పక్కన బాణాలు ఈలలు వేశాయి. నీళ్ళు చెళ్ళున కొట్టాయి. శంఖం నీటిని తాకీ తాకగానే మడుగు అడుగునుంచి ఏదో మహామృగం లేచినట్టు హోరుమంది. రాళ్ళ సందుల్లోంచి, ఇసుక పొరల్లోంచి, ఇన్నాళ్ళుగా దాక్కున్న నీరంతా ఒక్కసారిగా ఎగదన్నింది. శ్యామవేణి ఒడ్డులొరుసుకుంటూ పొంగి, పోలనను తెప్పలా తలకెత్తుకుని పరుగు పెట్టింది.

అతను తల తిప్పి చూశాడు. కొండకొమ్మున కలువరంగు చీర. ఆమె ఏదో అంటోంది. చేతులు నోటికి అడ్డం పెట్టుకుని మరీ అంటోంది. ఏటి హోరులో ఒక్క అక్షరం కూడా అందలేదు. తిట్టిందో, పిలిచిందో! ఆ ఒక్క మాట వినడానికి ఎదురీది వెళ్ళాలని ఒళ్ళంతా కొట్టుకుంది.

కుడి ఒడ్డున, తుమ్మచెట్ల వెనక, గుర్రపు డెక్కల చప్పుడు సరిగ్గా అతనితో సమానంగా పరుగెడుతోంది. దుర్జయుడి చేతిలో కాగడా ఒకటి పట్టపగలే మండుతోంది. రెల్లు కప్పులకు నిప్పు ముట్టించడానికి అదొక్కటి చాలు.

ఏరు మలుపు తిరిగింది. కొండకొమ్ము కనుమరుగైంది. దూరాన గుడిసె మీద సన్నటి పొగ. అమ్మ జావ కాస్తోంది. రాబోయేదేమిటో ఆమెకు తెలియదు.

పోలన శంఖాన్ని నడికట్టులో దోపుకుని, పళ్ళు బిగించి, రెండు చేతులా బారలు వేశాడు.